సంపూర్ణమ్మ గారు టీకి వెళ్ళారు

నేను విశాఖపట్నంలో కరెంటు ఆఫీసు ఫిర్యాదుల కౌంటరులో కూర్చుంటాను. పేరు సత్యశ్రీ. పొద్దున్న కౌంటరు తెరిచిన దగ్గర్నుంచి సాయంత్రం మూసేదాకా జనం నాతో మాట్లాడుతూనే ఉంటారు. అందులో ఒక్కరు కూడా బాగున్నారా అని అడగరు. అందుకని ఈ డిసెంబరులో సెలవు పెట్టి, నా పాత కారు బయటికి తీసి, ఒక్కదాన్నే గోదావరి జిల్లాలు తిరిగి మొగల్తూరు దాకా వెళ్ళి సముద్రం చూసొద్దామని బయల్దేరాను. నియమం ఒకటే పెట్టుకున్నాను. అవసరానికి మించి ఎవరితోనూ మాట్లాడకూడదు.

ఇలాంటి నియమం పెట్టుకుని గోదావరి జిల్లాలకి రాకూడదని తునిలోనే తెలిసింది. హోటల్లో ఇడ్లీ పెట్టినాయన "ఒక్కరే వచ్చారాండీ?" అన్నాడు. సామర్లకోటలో పెట్రోలు పోసినాయన కూడా అదే అడిగాడు. రావులపాలెంలో అరటిపళ్ళావిడ అడగడమే కాకుండా, నా జవాబు కోసం ఆగకుండా, "పోన్లెండి, ఏం చేస్తాం" అని ఓదార్చి రెండు పళ్ళు ఎక్కువ వేసింది. నాకేం కష్టమొచ్చిందని అనుకుందో నాకు ఇప్పటికీ తెలీదు.

సిద్ధాంతం వంతెన దాటి పాలకొల్లు వైపు కాలవ పక్కనే వెళుతుంటే ఒక ఊళ్ళో సంత అడ్డం వచ్చింది. ఆ ఊరి పేరు చెప్పను. చెబితే అక్కడ ఆశీలు వసూలు చేసే ఆయనకి ఇబ్బంది. ఆశీలంటే సంతలో చోటుకి కట్టే రుసుము. ఆయన ఒక మంచి పని చేశాడు. అది నలుగురికీ తెలిస్తే ఇక తన మాట ఎవరూ వినరని ఆయన భయం.

రోడ్డంతా ఆటోలు, గంపలు, మనుషులు. కారు ముందుకి కదలదు, వెనక్కీ కదలదు. ఓ పక్కన ఆపేసి దిగాను. కాలవ వంతెన పక్కన, చల్లగా నీడ పడేచోట, ఆడవాళ్ళు ఒక వరసలో గోనెసంచులు పరుచుకుని నేల మీద కూర్చుని అమ్ముతున్నారు. ఒక పక్క వంకాయలు, పచ్చిమిరపకాయలు పోసుకుని ఒకావిడ ఉంది. మెళ్ళో గొలుసు, చేతికి గాజులు చూస్తే పొలాలున్న ఇంటి మనిషని తెలుస్తోంది. పేరు రామతులసి. ఇంకో పక్క ఎండుచేపల బుట్టలతో నూకరత్నం. ఇద్దరి మధ్యా కంద, పక్కనే బచ్చలి కట్టలు, ఒక కాటా, ఒక కత్తి, మడిచిన గోనె. మనిషి మాత్రం లేదు.

కంద బాగుంది. కంద బచ్చలి కూర తిని చాలా కాలమైంది. లాడ్జిలో కూర ఎవరు వండుతారన్న ఆలోచన నాకు రాలేదు. కందకేసి చూపించి ఎంత అన్నాను.

"ఆవిడ ఇప్పుడే టీకి వెళ్ళారండి. మీరు ఎంచుకోండి, నేనిస్తాను" అంది రామతులసి.

నాకేం తొందర లేదు, ఆవిడ వచ్చేదాకా ఉంటానన్నాను. ఎదురుచూడటంలో మాట్లాడే పని ఉండదు కదా అని. ఆ మాటకి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత మర్యాదలు మొదలయ్యాయి.

ముందు, ఆ ఖాళీ చోట్లోనే మడిచిన గోనె విప్పి పరిచి నన్ను కూర్చోబెట్టారు. ఉప్పూ కారం అద్దిన జామకాయ వచ్చింది. తేగలు వచ్చాయి. నడుం నొప్పిగా ఉందా, వెనక్కి ఆనుకోడానికి బస్తా ఏమైనా వెయ్యమంటారా అని నూకరత్నం అడిగింది. కాసేపటికి టీ కూడా వచ్చింది. టీ ఇక్కడికే వస్తుంటే ఆవిడ టీకి ఎందుకెళ్ళినట్టని నాకు అనుమానం వచ్చి, నియమం పక్కన పెట్టి అడిగాను.

నూకరత్నం తడుముకోలేదు. ఆవిడకి అక్కడి టీ అంటేనే ఇష్టమంది.

వీళ్ళు నన్నెవరనుకున్నారో తర్వాత తెలిసింది. ఆడమనిషి, ఒక్కతే వచ్చింది, కళ్ళజోడుంది, కారుంది, అన్నీ చూస్తోంది, ఏమీ అడగదు. మామూలు మనుషులైతే వచ్చినప్పట్నుంచి ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. అడగనివాళ్ళు అధికారులే. సంతలో ఏ చోట్లో ఎవరు కూర్చుంటున్నారో చూడ్డానికి పైనుంచి ఎవరో వచ్చారని వాళ్ళు ఖాయం చేసుకున్నారు. ఎవరితోనూ మాట్లాడకూడదని నేను పడ్డ పాట్లన్నీ చివరికి నన్ను అధికారిని చేశాయి.

నేను మూడో తేగ ఒలుస్తుండగా ఆశీలాయన వచ్చాడు. పేరు వీరవెంకటసత్యనారాయణ. మనిషి మాత్రం సన్నగా, చొక్కా జేబు బరువుకే ముందుకి వంగినట్టుంటాడు. నన్ను, నా చేతిలో కారు తాళాల్ని, నేను కూర్చున్న చోటుని చూశాడు.

"సంపూర్ణమ్మ గారి చెల్లెలండి. ఆవిడ బదులు కూర్చున్నారు" అంది రామతులసి, వంకాయలు సర్దుకుంటూ.

ఆయన నా పేరు అడిగాడు. నేను నోరు తెరిచేలోగా నూకరత్నం నాకు గొంతు బాగోలేదని చెప్పేసింది. పొద్దున్నుంచి నా నియమానికి సాయం చేసిన మనిషి ఆవిడొక్కతే.

"చెల్లెలు గారికి కూడా టీ ఇప్పించారన్నమాట" అన్నాడాయన. "చూడండి, వినాయక చవితి ముందు వెళ్ళిన టీ ఇది. క్రిస్మస్ కూడా వచ్చేస్తోంది. వరసగా రెండు మూడు సంతలు ఖాళీగా ఉంటే ఆ చోటు ఇంకొకరిదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ప్లాస్టిక్ సామాన్లాయన ఈ నీడ కోసం నా ప్రాణం తీస్తున్నాడు. వచ్చే సంతకి ఆవిడొచ్చి కూర్చోవాలి. చెల్లెళ్ళు వద్దు. ఆవిడే రావాలి."

ఆయన వెళ్ళిపోయాడు. నూకరత్నం ఎండుచేపల మీద ఈగల్ని తోలుతూ, నాకేసి చూడకుండా, "మీరు రాసుకునేది రాసుకోండి" అంది.

నేను అధికారిని కానని, కరెంటు ఆఫీసులో ఫిర్యాదులు తీసుకునేదాన్నని చెప్పాను. ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. రామతులసి నవ్వింది. నూకరత్నం వెంటనే, తన వీధి మొగలో స్తంభానికి లైటు వెలిగి ఏడాదవుతోందని చెప్పింది. అది మా జిల్లా కాదన్నాను. అందరూ అలాగే అంటారంది.

ఆ తర్వాత అసలు సంగతి చెప్పారు. ఆడపడుచుకీ తోడికోడలికీ చెప్పుకున్నట్టు, మధ్యమధ్యలో బేరాలు చూసుకుంటూ చెప్పారు.

సంపూర్ణమ్మ ఈ సంతకి వచ్చేనాటికి ఆ వంతెన పక్క చోటు ఎవరికీ అక్కర్లేదట. కాలవ చెమ్మ ఎక్కి అంతా బురద. ఆవిడ భర్త ఎజ్రా కొబ్బరి దింపే మనిషి. చెట్టు మీంచి పడి చనిపోయాడు. అప్పటికి కూతురు తబిత పాలు కూడా మానలేదు. ఆవిడ చంకలో పిల్ల, నెత్తిన బచ్చలి గంపతో వచ్చి, మిగిలిన ఒకే ఒక్క చోటని ఆ బురదలో కూర్చుంది. వచ్చిన ప్రతిసారీ కాస్త ఇటిక ముక్కలు, కాస్త ఇసక తెచ్చి పోసింది. అలా పోయగా పోయగా ఆ చోటు మెరకైంది. దాన్ని చూసి పక్కవాళ్ళూ పోసుకున్నారు. ఇవాళ వరసంతా పొడిగా ఉందంటే ఆవిడ వల్లేనని రామతులసి చెప్పింది. ప్లాస్టిక్ సామాన్లాయనకి ఆ బురద రోజుల్లో ఈ నీడ కనపడలేదని నూకరత్నం అంది.

కందతో పాటు బచ్చలి ఉచితంగా ఇవ్వడం ఆవిడ పద్ధతి. కొసరు అడక్కుండానే వేస్తుంది. అడిగితే మాత్రం ఊరుకోదు. బేరమాడినవాళ్ళని తిట్టడంలో ఆవిడకి ఎదురు లేదట. ఆవిడ తిట్లు తిన్నవాళ్ళే మళ్ళీ వచ్చి కొంటారట. పొద్దున్నే గోనె పరిచాక కళ్ళు మూసుకుని, సంతంతా వినపడేలా ప్రార్థన చేస్తుంది. తన కంద ఒక్కటే కాదు, నూకరత్నం ఎండుచేపలు, తులసమ్మ గారి వంకాయలు, పేరుపేరునా దేవుడికి అప్పజెబుతుంది. వీళ్ళిద్దరూ హిందువులు. ఆ ప్రార్థన అయ్యేదాకా బోణీ చెయ్యరు.

వినాయక చవితి ముందు కాలవ రేవులో కంద కడుగుతూ సంపూర్ణమ్మ జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు. మొగల్తూరు దగ్గర కూతురింట్లో ఉంటోంది. తబిత అక్కడ బళ్ళో టీచరు. అప్పట్నుంచి ప్రతి సంతకీ వీళ్ళే ఇంత కంద, ఇంత బచ్చలి తెచ్చి ఆ చోట్లో పోస్తున్నారు. ఆవిడ కాటా పెడతారు, కత్తి పెడతారు, అడిగినవాళ్ళకి టీకి వెళ్ళిందంటారు. ఆఖరికి ప్రార్థన కూడా మానలేదు. అది నూకరత్నం చేస్తుంది.

"నాకు ఆవిడలా రాదండి. యేసయ్యా, మా అక్క ఏం చెప్పేదో నీకు తెలుసు కదా, ఇవాళ కూడా అదే అనుకో, అంటాను. వింటున్నాడో లేదో మరి" అంది.

నేను మొగల్తూరు వైపే వెళుతున్నానని తెలియగానే రామతులసి మొహం విప్పారింది. అయితే దారే కదా అంది. ఆ మాటతో నా సెలవు నా చేతుల్లోంచి జారిపోయింది. వంకాయలు, ఒక కంద దుంప, నూకరత్నం చేపల్లోంచి ఎండు మెత్తళ్ళ పొట్లం కారులోకి ఎక్కాయి. వచ్చే సంతకి తప్పకుండా రావాలన్న కబురు కూడా ఎక్కింది. మెత్తళ్ళ వాసన ఇంకా కారులోనే ఉంది.

తబిత ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. దారిలో అడిగిన ప్రతివాళ్ళూ ముందు ఒక్కరే వచ్చారా అని అడిగి, ఆ తర్వాత దారి చెప్పారు. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో పెద్దావిడ కూర్చుని ఉంది. పక్కన నడవడానికి పట్టుకునే ఇనప స్టాండు. నేను తెచ్చిన కంద చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసి, "ఇలాంటిదా నా చోట్లో పెట్టి అమ్ముతున్నారు?" అంది. అంతకు మించి పరిచయాలేం జరగలేదు.

కబురు చెప్పాను. ఆశీలాయన అన్న మాట కూడా చెప్పాను. ఆవిడ విన్నది. తర్వాత, చోటు ఆ ప్లాస్టిక్ సామాన్లాయనకి ఇచ్చెయ్యమని చెప్పమంది.

తబిత లోపల్నుంచి వచ్చి, డాక్టరు నేల మీద కూర్చోవద్దన్నాడని, కుర్చీ వేసుకుని అమ్ముకోవచ్చని తను ఎంత చెప్పినా అమ్మ వినడం లేదని వాపోయింది. రాత్రిళ్ళు నిద్రలో కంద రేట్లు చెబుతోందట. కుర్చీలో కూర్చుంటే ఏమవుతుందని నేనూ అడిగాను. కౌంటరు అలవాటు. నేను రోజంతా కుర్చీలో కూర్చునే జనాన్ని నిలబెడతాను.

సంపూర్ణమ్మ కాసేపు మెత్తళ్ళ పొట్లం కట్టు విప్పి, మళ్ళీ కట్టింది.

"మా అమ్మ కూలి గింజల కోసం ఒకాయన వాకిట్లో నేల మీద కూర్చునేదండి. ఆయన అరుగు మీద కుర్చీలో కూర్చునేవాడు. మంచాయనే. ఎప్పుడూ తిట్టలేదు. కానీ ఆయనతో మాట్లాడాలంటే మా అమ్మ మెడ ఎత్తాలి. నేను పక్కన కూర్చుని చూసేదాన్ని. సంతకెళ్ళిన మొదటిరోజు తులసమ్మ గారు నా పక్కన నేల మీద కూర్చుని, వంకాయలు ఎలా పోతున్నాయో నాకు చెప్పారు. అంత పొలం ఉన్న ఇంటి కోడలు. మెడ ఎత్తకుండా మాట్లాడాను. ఇప్పుడు నేను కుర్చీ ఎక్కి, ఆవిణ్ణీ నూకరత్నాన్నీ మెడ ఎత్తమంటానా? కొనేవాళ్ళు గొంతుక్కూర్చుని కంద ఎంచుకుంటుంటే పైనుంచి చూస్తానా? నాకొద్దండి."

ఆవిడ పెట్టిన అన్నం తిని, వద్దన్నా కట్టిచ్చిన అరిసెలు పట్టుకుని నరసాపురం లాడ్జికి వచ్చేశాను. బాధగా ఉంది. ఎవరో తెలియని మనిషి చోటు కోసం నేనెందుకు బాధపడాలని కోపంగా కూడా ఉంది. రామతులసికి ఫోను చేసి ఆవిడ అన్నదంతా మాట పొల్లుపోకుండా చెప్పాను.

అంతా విని, "చోటు వదిలేసేదైతే ఆవిడే వచ్చి వదలమనండి. ఆవిడ కాటా, కత్తి నా దగ్గర ఎన్నాళ్ళుంచుకుంటాను? ఆవిణ్ణి మీ కారులో తీసుకురండి" అంది. గొంతు కఠినంగా ఉంది. ఇంత మర్యాద మనిషి ఇలా మాట్లాడిందేంటని నాకు కష్టం వేసింది.

ఆ వారమంతా సముద్రం చూశాను. సముద్రం ఒక్కరే వచ్చారా అని అడగలేదు. అయినా మనసు దాని మీద నిలవలేదు.

సంత రోజు తెల్లవారుతూనే తబిత ఇంటికి వెళ్ళాను. రామతులసి మాట యథాతథంగా చెప్పాను. ఆ మాటకి సంపూర్ణమ్మ రోషం వచ్చి లేచింది. చర్చికి కట్టుకెళ్ళే తెల్ల చీర కట్టుకుంది. చోటు వదిలెయ్యడానికి వెళుతున్నాను, పండక్కి కాదు, అని తబితకి రెండుసార్లు చెప్పింది. దారి పొడుగునా మాట్లాడలేదు. నేను కోరుకున్న నిశ్శబ్దం ఆ రోజు దొరికింది. ఏం బాగోలేదు.

వంతెన దగ్గర ఆశీలాయన నిలబడి ఉన్నాడు. కారు దిగుతున్న ఆవిణ్ణి, ఇనప స్టాండుని చూసి, జేబులోంచి రసీదు పుస్తకం తీశాడు.

"టీ అయ్యిందాండీ?" అన్నాడు.

ఆవిడ వరసకేసి చూస్తోంది.

నేనూ చూశాను. వరసలో ఒక్కరు కూడా నేల మీద లేరు. ఆడవాళ్ళందరూ కుర్చీల్లో, ఫొటో తీయించుకుంటున్నట్టు బిగుసుకుని కూర్చున్నారు. ఎక్కువ కుర్చీల వెనక లూథరన్ చర్చి అని పెయింటుతో రాసి ఉంది. పాస్టరు గారిని అడిగి తెచ్చారట, ఆదివారం లోపు ఇచ్చెయ్యాలట. సరుకంతా చేపల పెట్టెల మీదికి, బల్లల మీదికి, సిమెంటు ఇటికల మీదికి ఎక్కింది. నూకరత్నం పొట్టి. కాళ్ళు నేలకి అందక వేలాడుతున్నాయి. ఎండుచేపలు ఆవిడ మోకాళ్ళ ఎత్తుకి వచ్చాయి. కొనేవాళ్ళు ఎవరూ గొంతుక్కూర్చోవడం లేదు. నిలబడే ఎంచుకుంటున్నారు. ఒక పెద్దాయన, ఇది సంతా పేరంటమా అని విసుక్కుంటూ వంకాయలు ఏరుతున్నాడు.

మధ్యలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. ముందు బల్ల మీద కంద, బచ్చలి, కాటా, కత్తి.

నాకు ఏడుపొచ్చింది. దాన్ని మెత్తళ్ళ వాసన మీదికి తోసేసి కళ్ళు తుడుచుకున్నాను.

సంపూర్ణమ్మ స్టాండు ఊతంతో, తను పోసిన ఇటిక ముక్కల మీద ఒక్కో అడుగూ వేసుకుంటూ వెళ్ళింది. ఎవరూ లేచి చెయ్యి పట్టుకోలేదు. పట్టుకుంటే తిడుతుందని వాళ్ళకి తెలుసు. కుర్చీని చేత్తో కదిపి చూసుకుని, మెల్లగా కూర్చుంది. నూకరత్నం వైపు చూసింది. నూకరత్నం కాళ్ళూపడం ఆపింది. తర్వాత సంపూర్ణమ్మ రామతులసి వైపు చూసింది. అక్కడే కాసేపు చూపు ఆగింది. రామతులసి కుర్చీలో, ఇంటి నుంచి తెచ్చుకున్న చిన్న దిండు ఉంది.

"తులసమ్మ గారూ" అంది. "ఆ దిండు తీసెయ్యండి. ఎత్తుగా ఉన్నారు."

రామతులసి లేచి దిండు తీసి బుట్టలో పడేసి, మళ్ళీ కూర్చుంది. సంపూర్ణమ్మ కళ్ళు మూసుకుని, కందనీ, ఎండుచేపల్నీ, వంకాయల్నీ దేవుడికి అప్పజెప్పింది. చివర్లో చర్చి కుర్చీల్ని కూడా కలిపింది. ఆశీలాయన చెప్పులు విప్పి నిలబడి, ఆమెన్ అన్నాక రసీదు చింపి కాటా కింద పెట్టి వెళ్ళిపోయాడు.

"వంకాయలెలా పోతున్నాయండీ?" అని సంపూర్ణమ్మ అడిగింది. చలికి పుచ్చులెక్కువగా ఉన్నాయని రామతులసి చెప్పింది. ఇద్దరూ చాలాసేపు వంకాయల గురించే మాట్లాడుకున్నారు. ఎవరూ మెడ ఎత్తలేదు.